నా గుండెకు నేను పెట్టిన పరీక్ష

ఆ రోజు పొద్దున పాలకేంద్రంలో క్యాను ఎత్తి కాటా మీద పెడుతుంటే దాని అంచు నా ఎడమ రొమ్ముకు గట్టిగా తగిలింది. అంత దెబ్బ తగిలినా ఒకచోట మాత్రం నొప్పి తెలియలేదు. ఇదేమిటని లోపలికి వెళ్లి చెయ్యి పెట్టి చూసుకున్నాను. చిక్కుడు గింజంత గట్టిది ఒకటి వేలికి దొరికింది. నొప్పి పుట్టి ఉంటే దెబ్బ వల్ల వాచిందని ఊరుకునేదాన్ని. నొప్పి లేకపోవడమే నాకు వింతగా తోచింది.

నా పేరు రాజేశ్వరి. మాది పాకాల దగ్గర పల్లె. ఊరి పాలకేంద్రంలో పాలు పట్టడం, ఫ్యాట్ చూసి అంకె చెప్పడం నా పని. నన్ను ఊళ్లో ప్రశ్నలమ్మ అని ఏడిపిస్తారు. ఎవరి ఆవు పాలలో వెన్న తగ్గినా ఎందుకు తగ్గిందో తెలుసుకోకపోతే నాకు ఆ పూట అన్నం దిగదు. దాణా మార్చారా, తవుడు పాతదా, చెనిక్కాయ చెక్క ఆపేశారా అని అడిగి అడిగి విసిగిస్తాను. ఈ గుణం నా జబ్బులో నన్ను ఒకసారి ముంచింది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

మా ఆయన మునిరత్నం నా మేనమామ కొడుకే. మాకు నాలుగు ఆవులు. ఆయన పాలు పితికి వస్తుంటే గడ్డ సంగతి చెప్పాను.

"వేడి గడ్డేమోలే మే. అదే పగిలి పోతాది."

"వేడి గడ్డయితే నొయ్యాల గదా బావా. ఇది నొయ్యలేదే!"

ఆ మాటకు ఆయన పాల చెంబు కింద పెట్టేశాడు. మర్నాడే ఇద్దరం రైలెక్కి తిరుపతి వెళ్లాం.

పెద్దాసుపత్రిలో మమోగ్రామ్ తీశారు, తరువాత బయాప్సీ. రిపోర్టు వచ్చిన రోజు క్యాన్సర్ డాక్టరు మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. క్యాన్సరే. హెర్-టూ పాజిటివ్ అనే రకం. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఏడుపు రాలేదు.

"ముందు ఆపరేషన్ చేసి, తరువాత కీమో ఇస్తాం. మొదట ఎర్ర మందు. ఆ తరువాత మీ రకానికే పనికొచ్చే ఇంకో ఇంజెక్షన్, మూడు వారాలకోసారి ఏడాది పాటు. రెండూ బాగా పనిచేస్తాయమ్మా. కానీ రెండూ గుండె మీద భారం వేస్తాయి. అందుకని మొదలుపెట్టక ముందే ఎకో తీయాలి."

"రొమ్ముకు మందేస్తే గుండెకెందుకు మేడమ్?"

మేడమ్ నా వైపు కొత్తగా చూసింది. "నరంలో వేసిన మందు ఒంట్లో అన్నిచోట్లకీ పోతుంది కదా. కొందరికి గుండె కండరం కొంచెం నీరసపడుతుంది. అందరికీ కాదు. ఎవరికవుతుందో ముందే చెప్పలేం. అందుకే మధ్యమధ్యలో కొలుస్తూ ఉంటాం."

కొలుస్తాం అనే మాట వినగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది. కొలతలంటే నాకు పాత పరిచయమే.

ఎకో తీసే గదిలో చల్లటి జిగురు రాసి, రొమ్ము కింద ఒక గుండ్రటి పరికరం ఆనించారు. తెర మీద నా గుండె కొట్టుకుంటూ కనిపించింది. నలభై ఆరేళ్లుగా నాతోనే ఉంది, ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. ఈ.ఎఫ్. అరవై రెండు అన్నారు. అంటే గుండెలో నిండిన రక్తం వంద పాళ్లయితే, ఒక్క దెబ్బకు అరవై రెండు పాళ్లు బయటికి నెట్టగలదట. నూటికి నూరూ నెట్టదా అని అడిగాను. ఏ గుండే అలా నెట్టదట.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఎర్ర మందు మాత్రం నన్ను పిండేసింది. వాంతులు, నోట్లో పుళ్లు, నీళ్లు తాగినా ఇనుప రుచి. మొదటిసారి మూత్రం ఎర్రగా వస్తే బాత్రూంలోంచి అరిచాను. నర్సమ్మ బయటి నుంచే "మందు రంగేలే అక్కా, రక్తం కాదు" అంది. జుట్టంతా ఊడిపోయింది. కానీ తిరుపతిలో గుండుకు ఎవరూ కారణం అడగరు. ఒకసారి బస్సులో పక్కనున్న తమిళామె నా తల చూసి, వచ్చీరాని తెలుగులో దర్శనం బాగా అయిందా అంది. బాగా అయిందన్నాను. ఆమె నా చేతిలో రెండు తులసి ఆకులు పెట్టింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, చాన్నాళ్లకు ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఎర్ర మందు అయ్యాక ఎకో యాభై ఎనిమిది. పరవాలేదన్నారు. ఏడాది ఇంజెక్షన్ మొదలైంది. అది అంత బాధపెట్టలేదు. పాలకేంద్రానికి కూడా వెళ్లి కూర్చునేదాన్ని, క్యాన్లు వేరేవాళ్లు ఎత్తేవారు. మూడు నెలలకు మళ్లీ ఎకో తీశారు. నలభై ఏడు.

మేడమ్ ఆ కాగితం చూసి కలం మూత పెట్టేసింది. "ఈసారి ఇంజెక్షన్ వద్దు. గుండె డాక్టరుకు చూపించండి. గుండె కోలుకుంటేనే మళ్లీ ఇస్తాను."

"ఆపితే జబ్బు తిరగబెట్టదా మేడమ్?"

"కొన్నాళ్లు ఆగితే పరవాలేదు. ఎక్కువ కాలం ఆగడం మాత్రం నాకిష్టం లేదమ్మా."

నాకు అసలైన భయం ఆ రోజు పుట్టింది. ఇంజెక్షన్ వేసుకుంటే గుండె పోతుంది, మానితే జబ్బు తిరిగి వస్తుంది. మధ్యలో నన్ను నిలబెట్టేది ఆ ఒక్క అంకె. ఏం చేస్తే ఆ అంకె పెరుగుతుంది? నిద్ర లేచింది మొదలు నాకు అదే ఆలోచన.

గుండె డాక్టరు సారు రెండు రకాల మాత్రలు రాశాడు. గుండెకు పని తేలిక చేసేవట. సరిగ్గా ఆ వారంలోనే చిత్తూరు నుంచి మా చెల్లెలు విజయ దిగింది. దాని చేతిలో మూడు సీసాలు. ఒకటి గుండెకు బలమని అమ్మే కోక్యూటెన్, ఒకటి చేపనూనె గొట్టాలు, ఇంకోటి ఏవేవో విటమిన్లన్నీ కలిపిన మాత్రలు. విజయ ఒక పోషకాహార కంపెనీలో చేరి ఉంది. వారం వారం మీటింగులకు పోతుంది, ఆ సరుకే అమ్ముతుంది.

"కీమో గుండెను తుప్పు పట్టిస్తాదంట అక్కా. ఇవి ఆ తుప్పు పట్టనీయవంట. నీకు కీమో ఎక్కిస్తా ఉంటే పక్కన కూసోని సూసినాను గానీ నేను చేసిందేముండాది? ఇదన్నా చెయ్యనీ."

నేను సీసాలు తీసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ఆవు పాలు పలచబడితే మినరల్ మిక్చర్ పెట్టి వెన్న పెంచినవాళ్లం. గుండెకు అలాంటిది ఉండకూడదా అనిపించింది.

అప్పుడు పెరటాసి నెల, మావైపు వెంకటేశ్వర స్వామికి మొక్కుకునే నెల. మా ఇంట్లో ఆ నెలంతా గుడ్డు కూడా ముట్టం, శనివారాలు ఒంటిపూట. చేపనూనె సీసా చూసి మా ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"సోమి నెలలో చేప నోట్లో పెట్టుకుంటావా మే?"

"ఇది మందు బావా. మందుకు మైలేంది?" అని విజయ సర్దిచెప్పింది. సరేనని దేవుడికి దండం పెట్టి వేసుకున్నాను.

తమాషా ఏమిటంటే, ఆ వారమే ఆసుపత్రిలో మేడమ్ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే, లేదు అన్నాను. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. సీసా మీదే ఆహారం అని రాసి ఉంది కదా! ఇంట్లో శనివారం నాడు మందయింది, ఆసుపత్రిలో మంగళవారం నాడు ఆహారమైపోయింది. మేం ముగ్గురమూ తెలివిగలవాళ్లమే, ఒక్కరికీ ఈ తేడా తట్టలేదు.

తరువాతి ఎకోలో యాభై మూడు వచ్చింది. మా ఆయన అలిపిరి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. ఇంజెక్షన్ మళ్లీ మొదలైంది. విజయ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. చిత్తూరు మీటింగులో మైకు పట్టుకుని, మా అక్క గుండె నలభై ఏడు నుంచి యాభై మూడుకు వచ్చిందని చెప్పిందట. చప్పట్లు కొట్టారట. ఆ వీడియో నాకే పంపింది. నా గుండెకు చప్పట్లు కొడుతుంటే నేనెందుకు కాదంటాను? నాలుగుసార్లు చూసుకున్నాను.

అయితే నా బుర్రను పురుగు తొలచడం మొదలైంది. పెరిగింది దేని వల్ల? సారు మాత్రల వల్లా, చెల్లెలి గొట్టాల వల్లా?

పాలకేంద్రంలో మాకొక పద్ధతుంది. ఎవరైనా దాణా, తవుడు రెండూ ఒకేసారి మార్చి వెన్న పెరిగిందంటే, ఏది పనిచేసిందో నీకేం తెలుసు, ఒకటి ఆపి చూడు అంటాను. ఏళ్ల తరబడి అందరికీ చెబుతున్న మాట. నా విషయం వచ్చేసరికి ఆ మాటే మా ఆయన నాకు చెప్పాడు. సారు మాత్రలు వేసుకున్నప్పటి నుంచి కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఒకసారి టెస్టు గాజుగొట్టం చేతిలోంచి జారి పగిలింది కూడా.

"రెండిట్లో ఒకటి ఆపి సూడు మే. కండ్లు తిరిగేది ఆ మాత్రల వల్లనే గదా, ఆటినే ఆపు. ఈ.ఎఫ్. తగ్గకపోతే అయి అక్కర్లేదనే గదా?"

మా ఇద్దరికీ అది చాలా న్యాయంగా తోచింది. సారు మాత్రలు ఆపేశాను. కళ్లు తిరగడం పోయింది. ఒళ్లు తేలికైంది. పరీక్ష నెగ్గానని మురిసిపోయాను.

కొన్నాళ్లకు చెప్పులు బిగుతుగా అనిపించాయి. సాయంత్రానికి కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడేది. నడవలో నాలుగడుగులు వేస్తే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు, తలకింద దిళ్లు ఒకదాని మీద ఒకటి పెరిగాయి. మా ఆయన నా కాళ్లు చూసి గొడ్ల కొట్టం కసువు కూడా ఊడ్వకుండా ఆటో పిలిచాడు.

ఎకోలో నలభై రెండు. ఇంజెక్షన్ మళ్లీ ఆపేశారు. వార్డులో చేర్చుకుని, నీరు దిగడానికి మందు ఇచ్చారు.

గుండె డాక్టరు సారు మంచం దగ్గరికి వచ్చి, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగాడు. నేను దాచలేదు. మా పద్ధతి మొత్తం చెప్పాను. మూడు సీసాల సంగతి కూడా చెప్పాను. మా ఆయన సంచిలోంచి తీసి చూపించాడు. సారు కోప్పడతాడని అనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒకటి ఆపి చూడటం మంచి పద్ధతేనమ్మా. మేమూ అలాగే నేర్చుకున్నాం. మీరు రెండు మార్పులే జరిగాయి అనుకున్నారు. మూడోది మర్చిపోయారు."

"మూడోదేంది సార్?"

"అప్పుడు ఇంజెక్షన్ ఆపాం కదా. గుండె మీద భారం దిగింది. దానికదే కొంత కోలుకుని ఉండొచ్చు. మా మాత్రలు సాయపడి ఉండొచ్చు. ఎకో తీసే మనిషి మారినా రెండు మూడు అంకెలు అటూ ఇటూ అవుతాయి."

నాకు సిగ్గేసింది. క్యాను కలియబెట్టకుండా పైపాలు తీస్తే వెన్న ఎక్కువ చూపిస్తుందని ఊరందరికీ చెప్పేదాన్ని. కళ్లెదురుగా ఉన్న మూడో మార్పును చూడలేకపోయాను.

"మరి ఈ గొట్టాలు గుండెకు మంచివేనా, చెడ్డవా?"

"తెలియదు."

"అదేంది సార్, మీకు తెలీకపోతే ఎట్ల?"

"వీటి మీద పరీక్షలు జరుగుతున్నాయి. కొన్నిచోట్ల మంచి కనిపించింది, కొన్నిచోట్ల ఏ తేడా లేదు. గట్టిగా చెప్పేంత ఆధారం ఇంకా లేదు. కీమో నడిచేటప్పుడు కొన్ని విటమిన్లు ఎక్కువ మోతాదులో వేసుకుంటే కీమోకే అడ్డొస్తాయేమోనన్న అనుమానమూ ఉంది. మంచివని చెప్పలేను, విషమనీ చెప్పను. మీరు వేసుకుంటున్నట్టు నాకు తెలియాలి, అంతే." సీసాలు మా ఆయన చేతికిస్తూ, "ఇంకొకటమ్మా. ఆవు పాలలో వెన్న తగ్గితే మళ్లీ పెంచుకోవచ్చు. గుండె అన్నిసార్లూ తిరిగి రాదు. ఒకటి ఆపి చూడాలనిపిస్తే, ఏం పని చేస్తుందో తెలియనిదాన్ని ఆపాలి. తెలిసినదాన్ని కాదు" అన్నాడు.

ఆయన వెళ్లాక మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. "నేనే సెప్పినాను గదా మే, ఆపమని" అన్నాడు. ఇద్దరం కలిసే ఆపాం కదా అన్నాను. నాకు చచ్చిపోతానేమోనన్న భయం కంటే, ఈ మనిషి జీవితాంతం ఆ మాటను తలుచుకుంటూ బతుకుతాడేమోనన్న బాధ ఎక్కువైంది.

సీసాలు పక్కన పెట్టేశాం. మాత్రలు సగం మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. కళ్లు తిరగకుండా లేచేటప్పుడు ముందు మంచం అంచున కాసేపు కూర్చోమన్నారు. ఆ చిన్న ఉపాయం ముందే అడిగి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. ఆహారం గురించి చెప్పే మేడమ్ రోజూ గుడ్డు, పప్పు, రాగి సంగటి బాగా తినమంది. ఉప్పు ఒంట్లో నీరు చేరుస్తుందని ఊరగాయ, అప్పడం, చల్ల మిరపకాయలు మానమంది. చల్ల మిరపకాయ లేకుండా పెరుగన్నం తినడం కీమో కంటే కష్టమని ఆమెతో అంటే నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

నలభై ఆరు. ఆ తరువాత యాభై రెండు. ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టారు. ఏడాది అనుకున్నది ఇంకా సాగి, చివరికి పూర్తయింది. చివరి ఇంజెక్షన్ నాడు మేడమ్ నా భుజం తట్టింది. అప్పుడు ఏడ్చాను, తృప్తిగా.

విజయ మాత్రం చాన్నాళ్లు మా ఇంటికి రాలేదు. వచ్చిన రోజు గడపలోనే నిలబడింది.

"నీకు నేను విషం ఇచ్చినానా అక్కా?"

"విషమని ఎవురు సెప్పినారు విజీ? తెలీదు, అంతే. తెలీనిదాన్ని తెలిసినట్టు సెప్పుకున్నాం, నువ్వూ నేనూ."

అది లోపలికి వచ్చింది గానీ అన్నం సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం ఫోను మోగితే స్పీకరులో పెట్టాను. చిత్తూరు నుంచి ఎవరో ఆమె. నా గురించి విజయ మైకులో చెప్పిన వీడియో చూసిందట, మీటింగువాళ్ల దగ్గర నా నంబరు తీసుకుందట. ఆమెకూ నాకు వేసిన ఇంజెక్షనే నడుస్తోంది. గుండె నలభై అయిదుకు వచ్చిందట.

"గుండె మాత్రలేసుకుంటే తల తిరగతా ఉండాదక్కా. అయి ఆపేసి, మీరేసుకున్న గొట్టాలే ఏసుకుందామని. ఏ కంపెనీవో సెప్పండి" అంది.

నేను నోరు తెరిచేలోపు విజయ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"మైకులో సెప్పింది నేనేమ్మా. ఆమె చెల్లెల్ని. నేను సెప్పింది సగం కథే. ఆ మాత్రలు ఆపి మా అక్క చావు దాకా పోయొచ్చింది. నువ్వు ఆపొద్దు. తల తిరగతా ఉండాదని రేపే మీ డాక్టరుకు సెప్పు. నేనూ నీతో వస్తా, నువ్వు యాడుండావో సెప్పు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లింది. ఆమెకు మోతాదు మార్చారట, మాత్రలు ఆపలేదు. అదే వారం విజయ మీటింగుకు పోయి మిగతా సగం కూడా మైకులో చెప్పిందట. ఈసారి చప్పట్లు లేవట. ఆ వీడియో ఎవరూ తీయలేదు.

ఇప్పుడు నా ఈ.ఎఫ్. యాభై అయిదు. గుండె మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. పాలకేంద్రానికి రోజూ పోతున్నాను, క్యాన్లు ఎత్తను. అలిపిరి నుంచి కొండెక్కుతానంటే సారు ఇంకా ఒప్పుకోలేదు, మొదటి గోపురం దాకా పోయి వెనక్కి రమ్మన్నాడు. ఆ గొట్టాలు నాకు మేలు చేశాయా, ఊరికే ఉన్నాయా అనేది ఈరోజుకీ నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. పెద్ద పరీక్షలు చేసేవాళ్లు ఎప్పుడో తేలుస్తారు. నా ఒక్క గుండె మీద అది తేలే లెక్క కాదు.

ఇది చదివేవాళ్లలో కీమో నడుస్తున్నవాళ్లుంటే ఒక్క మాట. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు నోట్లో వేసుకునేవన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. మందులు, పొడులు, కషాయాలు, ఆహారం అని రాసి ఉన్నవి, మీ మీద ప్రేమతో ఎవరో తెచ్చి ఇచ్చినవి, అన్నీ. బల్ల మీద పెట్టి చూపించండి. ఏదైనా ఆపాలనిపిస్తే, ఆపక ముందు అడగండి.